ముగ్గుపిండి గోడ

నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాను గానీ, నా ఫోన్ ఇంకా సర్వీసులోనే ఉంది. కొత్తగా సైట్లెక్కిన సూపర్‌వైజర్ పిల్లలు, మొదటిసారి ఫ్లాటు బాగు చేయించుకుంటున్న కుర్ర జంటలు, ఎవరు ఫోన్ చేసినా అడిగేది ఒకటే. "మేడమ్, తక్కువలో అయిపోయే ఐడియా ఏదైనా చెప్పండి." ఐడియాలకేం, బోలెడున్నాయి. కానీ ముందు ఒక ఇంటి సంగతి చెబుతాను. ఓపికుంటే వినండి, లేదంటే వెళ్ళి రీల్స్ చూసుకోండి. వాటిలో అరనిమిషంలో ఇల్లు తయారైపోతుంది, మేస్త్రీ కూడా నవ్వుతూ ఉంటాడు.

నేను పనిచేసింది పంజాగుట్టలో ఒక చిన్న ఇంటీరియర్ కంపెనీలో. కొత్త ఇళ్ళు కట్టడం మా పని కాదు. ఉన్న ఇళ్ళను విప్పి మళ్ళీ కుట్టడం. మా యజమాని గోదావరి వైపు మనిషి, నిజంగా మంచివాడు. అయితే ఇంటివాళ్ళ చేత కొత్త సామాను కొనిపించడం ఆయనకెంత ఇష్టమో, ఉన్న సామానే వాడించడం నాకంత ఇష్టం. అందుకని మా ఇద్దరికీ రోజూ పంచాయితీ ఉండేది.

ఒకసారి శ్రీనగర్ కాలనీలో సినిమాల్లో పనిచేసే ఒకాయన బాల్కనీకి, టైల్స్ షాపుల వెనక గోడౌన్లలో ఒకటీ అరా మిగిలిపోయిన డబ్బాలన్నీ ఏరుకొచ్చి పరిపించాను. ఒక పలక ఎరుపు, ఒకటి నీలం, ఇంకొకటి ఏ రంగో ఆ కంపెనీవాడికే తెలియాలి. చుట్టాలొచ్చి ఈ డిజైన్ ఎక్కడ దొరికిందని ఫోటోలు తీసుకుని వెళ్ళారట. కూల్చేస్తున్న ఇళ్ళ దగ్గర నిలబడి టేకు తలుపులు బేరమాడేదాన్ని. అరిగిపోయిన షాబాదు బండల్ని పారేయనివ్వకుండా, తిరగేసి పాలిష్ పట్టించి మళ్ళీ పరిపించేదాన్ని. అలా నాకు పొదుపు మేడమ్ అని పేరొచ్చింది. మేస్త్రీలు ఆ మాటను మెచ్చుకోలుగా అనేవారు. మా యజమాని నోట మాత్రం అది తిట్టులాగే వినిపించేది.

ఆ పేరు విని ఒకరోజు ఇద్దరు ఆడవాళ్ళు మా ఆఫీసుకొచ్చారు. సోఫాలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. మధ్యలో ఇంకో ముగ్గురు పట్టేంత ఖాళీ. వాళ్ళు తోడికోడళ్ళు, మా తెలంగాణలో యారాండ్లు అంటాం. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో వాళ్ళది పాత డాబా ఇల్లు. అన్నదమ్ములిద్దరి కుటుంబాలూ అందులోనే ఉంటున్నాయి. పెద్దకోడలు ఇంటి వంటింట్లోనే కూరలు వండి సాయంత్రం పూట హాస్టల్ పిల్లలకు అమ్ముతుంది. చిన్నకోడలు ముందు గదిలో మగ్గం పెట్టుకుని పెళ్ళి జాకెట్లకు జరీపని, చమ్కీపని చేస్తుంది. ఇద్దరి బేరాలూ బాగానే సాగుతున్నాయి. గొడవ కూడా సరిగ్గా అందుకే వచ్చింది.

"పెండ్లిపిల్ల జాకెట్ల ఎల్లిగడ్డ వాసన వస్తదా మేడమ్?" అని మొదలుపెట్టింది చిన్నకోడలు. "మొన్న ఒకామె ముక్కు కాడ పెట్టుకొని, నా పెండ్లిల నేను చాపల పులుసు లెక్క వాసన రావాల్నా అని మీద ఇసిరేసిపోయింది."

"మరి నా పప్పుల చమ్కీలు రావొచ్చునా?" అంది పెద్దకోడలు సోఫా ఆ చివర నుంచి. "హాస్టల్ పిల్లగాడు పండ్ల కింద కరకరమంటే తీసి చూసుకొని, ఆంటీ, గిది ఏం తాలింపు అని అడిగిండు. నా ఇజ్జత్ ఏం గావాలె?"

నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. ఎందుకంటే తర్వాత వాళ్ళు చెప్పింది నవ్వులాట కాదు. వేరు పడదామని నిర్ణయించుకున్నారు. ఇంటి మధ్యలో గోడ పెట్టాలి, రెండు వంటిళ్ళు చేయాలి, అదంతా చిట్టీ ఎత్తిన డబ్బులోనే జరగాలి. దానిలో కాకపోతే ఇల్లు బిల్డర్‌కు అమ్మేసి, చెరిసగం పంచుకుని ఊరి చివర ఎక్కడైనా చూసుకుందామని అన్నదమ్ములు తేల్చేశారట. బిల్డర్ మనిషి అప్పటికే నాలుగైదుసార్లు వచ్చి టీ తాగి వెళ్ళాడు. అమీర్‌పేట వదిలితే ఇద్దరి పనీ మూతపడినట్టే. వంకాయ కూర కోసం ఏ హాస్టల్ పిల్లవాడూ ఊరి చివరకు రాడు. మెట్రో దిగి పట్టుబట్ట చేతికిచ్చిపోయే ఆడవాళ్ళూ రారు. అన్నింటికీ కొట్లాడుకునే ఆ ఇద్దరూ ఈ ఒక్క విషయంలో మాత్రం ఒకే మాట మీద ఉన్నారు. ఆ ఇల్లు పోకూడదు.

మరుసటి రోజు మా మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్ళాను. బోరబండ మనిషి, నాతో ఎన్నో ఇళ్ళు విప్పి కుట్టినవాడు. నేను భాయ్ అనేదాన్ని, ఆయన మేడమ్ అనేవాడు. హాలు నడిమధ్యన నవారు మంచం, దాని మీద ఆ ఇంటి అత్తగారు. మమ్మల్ని కిందనుంచి మీదికి చూసి, "గోడ పెట్టెటోళ్ళు మీరేనా?" అని అడిగి మళ్ళీ పడుకుంది.

కొలతలు తీసుకునేసరికి అసలు చిక్కు బయటపడింది. పొయ్యి ఆగ్నేయంలోనే ఉండాలని మనవాళ్ళ పట్టు. ఆ ఇంటి ఆగ్నేయం మూల ఉన్నది పాత వంటిల్లు. అది తనకే కావాలని పెద్దకోడలు, తనకే కావాలని చిన్నకోడలు.

"అక్క పొయ్యి ఆగ్నేయంల, నా పొయ్యి ఇంకో మూలకా?" అంది చిన్నకోడలు. "అన్నం ఆమె తిని, అరిష్టం నేను తినాల్నా మేడమ్?"

మా మేస్త్రీ తల గోక్కున్నాడు. "మేడమ్, ఇంటికి ఉండేదే నాలుగు మూలలు. గా నాలుగింట్ల ఆగ్నేయం ఒక్కటే. ఇంకోటి నేను యాడికెళ్ళి తేవాలె?"

ఆ సాయంత్రం ఆఫీసులో కూర్చుని ఒక ప్లాను గీశాను. గోడ హాలు మధ్యలో నుంచి వచ్చి వంటింటిని కూడా నిలువునా రెండు చీలికలు చేస్తుంది. ఎవరి చీలికలో వారి పొయ్యి, ఇద్దరిదీ ఆగ్నేయమే, ఇద్దరి ముఖమూ తూర్పుకే. కాగితం మీద ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను. మా యజమాని చూసి మురిసిపోయాడు. "అద్భుతమండీ మేడమ్ గారూ! రెండు సింకులు, రెండు గట్లు, రెండు చిమ్నీలు!" ఖర్చు లెక్కేస్తే చిట్టీ డబ్బు దాటిపోయింది. చిమ్నీలు కొట్టేశాను, కొత్త గట్లు కొట్టేసి పాత కడప బండనే రెండు ముక్కలు చేయించడానికి ఒప్పించాను. ఎంత గీకినా గోడ, నీళ్ళ పైపులు మాత్రం కరగలేదు. గీకి గీకి చిట్టీ డబ్బు అంచుకు తెచ్చి, చిన్న పొరపాటు జరిగినా ఇల్లు బిల్డర్ చేతికే అనే దగ్గర ఆపాను.

అలాంటప్పుడు నేను చేసే పని ఒకటుంది. పునాది తవ్వేముందు స్థలంలో ముగ్గు పోస్తారు కదా, దాన్ని నేను ఇళ్ళ లోపల పోస్తాను. సుత్తి తగలకముందే గోడలెక్కడొస్తాయో, తలుపులెక్కడొస్తాయో నేల మీద ముగ్గుపిండితో అసలు కొలతల్లో గీసి, ఇంటివాళ్ళను వారం పాటు అందులో బతకమంటాను. గీత దాటకూడదు. తలుపు గీసిన చోటు నుంచే తిరగాలి. కట్టిన గోడ తప్పయితే పగలగొట్టాలి, మళ్ళీ కట్టాలి. ముగ్గు తప్పయితే చీపురుతో ఊడిస్తే పోతుంది. పిల్లలూ, తక్కువలో అయ్యే ఐడియా అన్నారే, నాకు తెలిసిన వాటిలో ఇంతకంటే చవకది లేదు.

గీత హాలులోకి వచ్చేసరికి అత్తగారి మంచం అడ్డొచ్చింది. కొంచెం జరపమంటే ఆమె వినలేదు. "గిది నా పెనిమిటి ఏసిన జాగ. నేను లేవ. మీ గోడనే నా మీదికెళ్ళి పోనియ్యి" అంది. సరేనని మంచానికి ఇటూ అటూ గీసి వదిలేశాం. తల పెద్దకోడలి వాటాలో, కాళ్ళు చిన్నకోడలి వాటాలో పడ్డాయి. ఆమె అటూ ఇటూ చూసుకుని, "తిండి పెద్దది పెడ్తది, కాళ్ళు చిన్నది ఒత్తుతది. గీ గోడ మంచిగనే ఉన్నది బిడ్డా" అని తీర్పు చెప్పింది.

ఆ వారం నేను రోజూ ఆఫీసుకెళ్ళే ముందు ఆ ఇంటికి ఒక చూపు వేసి వెళ్ళేదాన్ని. అంత వినోదం నాకు ఏ సైటు మీదా దొరకలేదు. పొద్దున్నే ఇల్లు ఊడిస్తే గీత చెరిగిపోతుంది కదా, ఎవరి వైపు వాళ్ళు మళ్ళీ గీసుకునేవారు. ఎవరు గీసినా అవతలివారి వైపు జరంత జరిపే గీసేవారు. మూడోనాటికి ఒక గోడ రెండు గోడలయ్యింది, మధ్యలో ఇద్దరూ నాదే అనే పట్టీ ఒకటి మిగిలింది. అన్నదమ్ములు పొద్దున బకెట్లతో ఆ పట్టీ మీదే ఎదురెదురుగా నడిచేవారు. ఒకరోజు ఇద్దరూ అందులోనే నిలబడి పేపరు పంచుకుని చదువుతుంటే నా కళ్ళారా చూశాను.

వంటింట్లో మాత్రం నవ్వు లేదు. పెద్దకోడలి చీలికలో ఆమె పెద్ద గుండిగ పట్టలేదు. గరిటె తిప్పితే మోచెయ్యి గీత దాటుతోంది. "గోడ ఉంటే మోచెయ్యి ఇరుగుతుండె మేడమ్" అంది రెండోనాడే. కూరలు ఆపితే హాస్టల్ పిల్లలు వేరే కర్రీ పాయింట్‌కు అలవాటు పడిపోతారు. అందుకని పెద్ద పొయ్యి, సిలిండరు, గుండిగలు అన్నీ ఈడ్చుకెళ్ళి పెరట్లో బట్టలుతికే చోట, రేకుల కింద పెట్టుకుంది. "గీ వారం మట్టుకే. జర సదురుకుంట" అని నాకు గట్టిగా చెప్పింది. నేనూ అంతే అనుకున్నాను. చిన్నకోడలు తన చీలికలో చిన్న పొయ్యితో ఇంటిమటుకు వండుకుంటూ నెట్టుకొచ్చింది.

వారం గడిచింది. పని మొదలుపెట్టే రోజు వచ్చింది. గేటు బయట సిమెంటు బస్తాలు, ఇటుకలు దిగాయి. ఎప్పుడూ సైటుకు రాని మా యజమాని కూడా కొబ్బరికాయ పట్టుకుని వచ్చాడు. మా మేస్త్రీ బిస్మిల్లా అనుకుని, పాత వంటింటి గట్టు మీద మొదటి దెబ్బ వేయడానికి పెద్ద సుత్తి ఎత్తాడు.

ఆ సమయానికి నేను ముందు గదిలో మగ్గం దగ్గర ఉన్నాను. చిన్నకోడలు ఎర్ర పట్టు జాకెట్టు ఒకటి చేతికిచ్చి, పని ఎట్లుందని అడిగింది. నాకు బాగా దగ్గర పెట్టుకుంటే గానీ ఆనదు, కళ్ళజోడు సంచీలో ఉంది. అందుకని గుడ్డను కళ్ళ దాకా ఎత్తి చూశాను. పట్టు వాసన వచ్చింది. కొత్త పట్టు వాసన, అంతే. పెరట్లో పెద్దకోడలు పోపు వేస్తున్న చప్పుడు అక్కడిదాకా చిటపటమని వినిపిస్తోంది. వాసన మాత్రం రావడం లేదు. మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. లేదు.

"భాయ్, ఆపు!" అని నేను పెట్టిన కేకకు మేస్త్రీ సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు. మా యజమాని చేతిలో కొబ్బరికాయ జారింది.

పెద్దకోడలిని చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి లాక్కొచ్చాను. జాకెట్టు వాసన చూడమన్నాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, వాసన చూసి, "ఏమొస్తలేదు" అంది.

"అదే కదమ్మా నేను చెప్పేది! ఈ వారంల నీ పప్పుల చమ్కీలు వచ్చినయా?"

"లే. వండినవన్ని పెరట్లనే సల్లారబెడుతున్న గదా, ఇంట్లకే తెస్తలేను." అంటూనే ఆమె గొంతు తగ్గింది.

ముగ్గుపిండి వాసనను ఆపుతుందా, చమ్కీని ఆపుతుందా? ఆ ఇంట్లో ఇంకా గోడ లేదు. పొయ్యి పెరట్లోకి వెళ్ళింది, గొడవకు కారణం దాని వెంటే వెళ్ళిపోయింది. రేకుల కింద చిన్న షెడ్డు వేసి దాన్నే పెద్దకోడలి వంటిల్లు చేస్తే, పాత వంటిల్లు చిన్నకోడలికి మిగులుతుంది. గోడ కట్టక్కర్లేదు, పైపులు మార్చక్కర్లేదు. చిట్టీ డబ్బులో సులువుగా అయిపోతుంది. ఇల్లు నిలుస్తుంది. ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పి, చప్పట్లు కొడతారని చూశాను.

ఎవరూ కొట్టలేదు. చిన్నకోడలి ముఖం ముడుచుకుంది. "గోడ లేకుంటే మేం వేరు పడ్డట్టెట్ల మేడమ్? మా అమ్మగారింట్ల అందరికీ చెప్పుకున్న."

"మా చుట్టాలకు సుత ఎరుకే" అంది పెద్దకోడలు. "ఇప్పుడు గోడ లేదంటే, ఎవరు తగ్గిన్రు అని అడుగుతరు. నేనైతే తగ్గలే."

"నేను తగ్గిన్నా మరి?" అంది చిన్నకోడలు.

నాకు కోపం నషాళానికంటింది. వారం కింద వాసన కోసం గోడ కావాలన్నారు. వాసన పోయాక చుట్టాల కోసం కావాలంటున్నారు. చుట్టాలకు చూపించడానికి గోడ కట్టుకుంటే రేపు బిల్డర్ వచ్చి దాన్ని కూడా కలిపే కూలుస్తాడని అనేశాను. మా యజమాని నా కొంగు పట్టి లాగినంత పని చేశాడు. "ఏంటండీ మేడమ్ గారూ, సుత్తి ఎత్తాక ఆపడమే అపశకునం, పైగా పార్టీని తిడతారేంటి?"

"తిట్టకుంటే ఏం జేస్తరు సార్" అన్నాడు మేస్త్రీ, సుత్తి మెల్లగా కిందపెట్టి. "గని మేడమ్, నా కూలి?"

"షెడ్డు వెయ్యాలి కద భాయ్, ఫికర్ ఎందుకు?" అని వాళ్ళిద్దరి వైపు తిరిగాను. "ఒక్కటి చెప్పండి. మన దిక్కు వేరు పడ్డరంటే పొయ్యి చూసి అంటరా, గోడ చూసి అంటరా?"

ఇద్దరూ ఒక్కసారే మంచం వైపు చూశారు. అత్తగారు పడుకున్న చోటు నుంచే, కళ్ళు తెరవకుండా చెప్పింది. "పొయ్యే. పొయ్యి వేరైతే సాలు."

పెద్దకోడలికి ఇంకొక్క అనుమానం మిగిలింది. పెరడు ఆగ్నేయమేనా? మా మేస్త్రీ ఫోన్‌లో దిక్సూచి తెరిచి, పెరటి మూలదాకా వెళ్ళి, ఒకసారి గుండ్రంగా తిరిగి వచ్చాడు. "అమ్మా, అది ఇంటికి ఆగ్నేయం. గిది మొత్తం జాగకే ఆగ్నేయం. దానికంటె పెద్దది." పెద్దది అన్న మాట వినగానే ఆమె ముఖం విప్పారింది. చిన్నకోడలు కూడా, అసలు వంటిల్లు తనకే దక్కింది కదా, తానే గెలిచినట్టు చెంగు దోపుకుంది. ఇద్దరూ గెలిచారు. అంతకంటే ఏం కావాలి?

షెడ్డుకు ఒక కూల్చేసిన హాస్టల్ తలుపు దొరికింది. నేలకు ఇంటి ముందున్న షాబాదు బండలే తిరగేశాం. గోడలకు నా మిగులు టైల్స్, ఈసారి రంగులు పెద్దకోడలే ఏరుకుంది. అన్నీ ఎరుపే ఏరింది, మిరప్పొడి పడినా కనిపించదని. ఇటుకలు, సిమెంటు సగం తిరిగి లారీ ఎక్కాయి. మిగిలిన డబ్బుతో గాలి బయటికి తోసే ఫ్యాను ఒకటి పెట్టించుకున్నారు. బిల్డర్ మనిషి మళ్ళీ వచ్చినప్పుడు టీ కూడా పోయలేదట.

మా యజమాని నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదోరోజు పిలిచి, "మీరు ఇంకో రెండు ఇళ్ళు ఇలా చేస్తే మన ఆఫీసు కూడా బిల్డర్‌కు ఇచ్చేయొచ్చండీ" అన్నాడు. తర్వాత ఆ సందులో వాళ్ళంతా మా దగ్గరికే రావడం మొదలుపెట్టాక ముగ్గుపిండికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టి, బిల్లులో దానికి వేరే రేటు వేశాడు. వ్యాపారమంటే ఆయన దగ్గరే నేర్చుకోవాలి. మీరు మాత్రం ఉచితంగా వాడుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి. గీసేసి ఆఫీసుకెళ్ళిపోవద్దు, రోజూ వెళ్ళి చూడండి. వాళ్ళు గీత లోపల ఏం చేస్తున్నారో కాదు, గీత తట్టుకోలేక ఎక్కడికి పోతున్నారో చూడండి.

కొత్త షెడ్డులో పాలు పొంగించిన రోజు నన్ను పిలిచారు. వెళ్ళేసరికి ఇంటినిండా జనం. అత్తగారు మాత్రం అదే మంచం మీద, అదే చోట. నేను పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"బిడ్డా, గా గోడ కడ్తే ఎంత అయితుండె?"

చెప్పాను. ఆమె ఆ సంఖ్యను కాసేపు నోట్లో నలిపింది.

"మాకు మస్తు సస్తల అయింది అప్పుడు" అంది. "ఊర్ల మా పాత ఇంట్ల మట్టిగోడ. మా ఆయన, మా బావ ఇద్దరు కలిసి పెట్టిన్రు. పైసా ఖర్చు గాలె. నేను, మా యారాలు అటొకరం, ఇటొకరం. ఆమె సచ్చిపోయిన సంగతి నాకెవ్వలు చెప్పలే బిడ్డా. గోడ అవుతల ఇంటోళ్ళు ఏడుస్తుంటె ఇని ఎరుక జేసుకున్న."

నాకు కళ్ళు నిండాయి, కొంగుతో తుడుచుకున్నాను. ఆమె నా చెయ్యి వదిలి, పెరటివైపు మెడ సాచి గట్టిగా కేకేసింది.

"ఏందే, మేడమ్ ఒచ్చి ఎంతసేపాయె, ఛాయ్ తెస్తరా లేదా?"

ఛాయ్ పెద్దకోడలి పొయ్యి మీద నుంచి వచ్చింది. నేను ఒక గుక్క తాగి చప్పగా ఉందంటే, చిన్నకోడలు తన వంటింట్లోంచి చక్కెర డబ్బా పట్టుకొచ్చింది.